ఏడో నంబరు కుళాయి

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఊళ్ళో అందరికీ ఆమె సీసాలమ్మ. నీళ్ళ సరఫరా ఆఫీసులో పందొమ్మిదేళ్ళుగా ఆమె పని ఒక్కటే. ప్రతి మంగళవారం పన్నెండు గాజుసీసాలను ఐసుపెట్టెలో సర్దుకుని, ఆ పెట్టెను స్కూటరు వెనక తాడుతో బిగించి, పన్నెండు కుళాయిల దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి పరీక్షగదిలో అప్పగించాలి.

సీసాలో నీళ్ళు పట్టడం కూడా ఒక పనేనా అని ఆమె ముందు ఎవరైనా అంటే ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. నిలబెట్టి మరీ చెబుతుంది. కుళాయి తిప్పి మూడు నిమిషాలు నీళ్ళు వదిలేయాలి. తరవాత కట్టేసి, క్రిములు పోయేలా దాని మూతిని చిన్న గ్యాసు మంటతో కాల్చాలి. మళ్ళీ తిప్పి, సీసా అంచుకు వేలు తగలకుండా, మొహం పక్కకు తిప్పుకుని, మెడ దాకా నింపి మూత బిగించాలి. నంబరు రాసిన చీటీ అతికించాలి. ఇదంతా ఆమెకు నేర్పింది ఆఫీసులో ఎప్పుడో రిటైరయిన ముసలి ఫిట్టరు. "మొదట వచ్చే నీళ్ళు పైపులో నిలవున్నవమ్మా. ఆ తరవాత వచ్చేవే ఊరి నీళ్ళు. మనం పరీక్ష చేసేది ఊరి నీళ్ళని" అని ఆయన చెప్పిన మాట ఆమె ఏనాడూ మీరలేదు.

ఇక అనుమానం సంగతి. అది ఆమెకు పుట్టుకతో వచ్చింది. కొట్లో త్రాసు ముల్లు ఆగేదాకా ఊపిరి బిగపట్టి చూస్తుంది. పాలపాకెట్టు మీద తారీకు చదివి, మళ్ళీ వాసన చూసి, కొట్టాయన మొహం కూడా ఒకసారి చూస్తుంది. బస్సు డ్రైవరైన ఆమె భర్త నిదానస్తుడు. "అద్దంలో నీ మొహం నీదేనా అని కూడా నీకు అనుమానమేనోయ్" అంటూ ఉంటాడు. ఆమెకు కోపం రాదు. అనుమానం ఉన్నవాళ్ళే నీళ్ళ ఆఫీసులో పనికొస్తారని ఆమె నమ్మకం.

ఆ ఒక్క నమ్మకాన్ని మాత్రం ఆమె ఎప్పుడూ అనుమానించలేదు.

పన్నెండు కుళాయిల్లో ఏడో నంబరుది ఆమె చెల్లెలి ఇంట్లోనే ఉంది. చెల్లెలు కాపురముండేది పాత వీధిలో. ఊళ్ళో అందరికంటే ముందు కుళాయిలు వచ్చింది ఆ వీధికే. ముప్పై ఒక్క ఇళ్ళు, గోడకు గోడ ఆనుకుని, మెట్లు నేరుగా రోడ్డు మీదికే దిగుతుంటాయి. చెల్లెలు ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మరిది రంపపు మిల్లులో పని చేస్తాడు. వాళ్ళకు తొమ్మిదేళ్ళ కూతురు. అమ్మ మిషను తొక్కుతుంటే ఆ పిల్ల పక్కన చిన్న స్టూలు వేసుకుని పేపరు చదివి వినిపించేది. వార్తలు, ప్రకటనలు, వాతావరణం, ఏదీ వదిలేది కాదు. సీసాలమ్మ మంగళవారాలు వెళ్ళినప్పుడు, "పెద్దమ్మా, రేపు వాన పడుతుందట, నీ సీసాలు జాగ్రత్త" అని ముందుగానే హెచ్చరించేది.

ఆ ఏడాది ఎండాకాలం పోయాక ఆ పిల్ల చదువు తడబడింది. చదివిన వరుసే మళ్ళీ చదివేది. మధ్యలో ఆగి, ఎక్కడున్నానో తెలియక బిక్కమొహం వేసేది. కడుపునొప్పి అనేది. మొహం పాలిపోయింది. ఇట్టే చిరాకుపడి ఏడుపు లంకించుకునేది. డాక్టరు రక్తం తక్కువైందని టానిక్కు రాశాడు. రెండు సీసాలు తాగించాక నులిపురుగుల మందు ఇచ్చాడు. దేనికీ మార్పు లేదు. పక్కింటి పిల్లకూ అవే లక్షణాలు. ఎదురింట్లో పెద్దాయనకు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. వీధివాళ్ళంతా మొదట మూలమీది బ్యాటరీల షాపతన్ని అనుమానించారు. అతను షాపు మూసి వేరేచోటికి వెళ్ళిపోయాడు. అయినా ఎవరికీ నయం కాలేదు.

ఒక మంగళవారం సీసాలమ్మ వంటింటి కుళాయి తిప్పి నీళ్ళు వదిలేస్తుంటే చెల్లెలు గుమ్మంలో నిలబడి అంది.

"నీళ్ళలోనే ఏదో ఉందక్కా."

"ఏ నీళ్ళలో?"

"ఇదిగో, ఈ నీళ్ళలో."

సీసాలమ్మకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. "పందొమ్మిదేళ్ళుగా పడుతున్నాను. ఈ కుళాయికి ఒక్క చెడ్డ రిపోర్టు రాలేదు. నీ ఇల్లని చూసీచూడనట్టు పట్టానని ఎవరూ అనకూడదని మూడు నిమిషాలకు బదులు ఐదు నిమిషాలు వదులుతాను. నా చేతులమీదుగా పోయే నీళ్ళే నీకు చేటయ్యాయా?"

"నువ్వు పట్టేది బాగానే పడతావు. రిపోర్టు రాసేది నువ్వు కాదు కదా" అంది చెల్లెలు, దారం కొరుకుతూ.

ఆ మాట చెవిలో దూరిన చీమలా దారంతా తొలిచింది.

మర్నాడు ఆమె ఏదో వంకతో రికార్డుల గదిలోకి వెళ్ళి రిపోర్టుల ఫైలు తీసింది. ఎండాకాలం తరవాతి ఏడో నంబరు కాగితాలన్నీ వరసగా చూసింది. వారం వారం అవే అంకెలు. మారితే చివరి అంకె మారింది, లేకపోతే అదీ లేదు. ఆఖరి గడిలో మాత్రం ప్రతిసారీ ఒకే మాట: తాగడానికి యోగ్యం. నీళ్ళన్నాక ఎండకు ఒకలా, వానకు ఒకలా ఉంటాయి కదా? ఇన్ని వారాలు ఇంత బుద్ధిగా ఎలా ఉన్నాయి?

ఆమె అనుమానం నేరుగా పరీక్షగదిలోకి నడిచింది. అక్కడికి నాలుగు నెలల కిందట కొత్త కెమిస్టు వచ్చింది. చిన్న వయసు. మాట పొదుపు. తలుపు వేసుకుని పని చేసుకుంటుంది, టిఫిన్ డబ్బా కూడా లోపలే తింటుంది. తలుపు వేసుకునేవాళ్ళకు దాచుకోవడానికి ఏదో ఉండే ఉంటుందని సీసాలమ్మ లెక్క. పైగా మంచినీళ్ళ క్యాన్లు అమ్మే ఆయన ఆ గది ముందు రెండుసార్లు కనిపించాడు. పాత వీధిలో ఈమధ్య అతని క్యాన్లు తెగ తిరుగుతున్నాయి.

ఇంటికొచ్చి భర్తకు అంతా చెప్పింది. ఆయన సాంతం విని గడ్డం గోక్కున్నాడు.

"క్యాన్లాయన ఆ అమ్మాయిని మంచి చేసుకున్నాడంటావు. క్యాన్లు అమ్ముడుపోవాలంటే కుళాయి నీళ్ళు చెడ్డవని రాయించుకోవాలి గానీ, మంచివని ఎందుకు రాయించుకుంటాడోయ్?"

సీసాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అదే నాకూ అనుమానం" అంది.

ఆయన నవ్వితే ఆమె నవ్వలేదు. అప్పటికే మనసులో ఒక ఉపాయం పన్ని ఉంది.

తరవాతి మంగళవారం పన్నెండు సీసాలూ నింపుకొచ్చి, ఆఫీసు వెనక స్కూటర్ల షెడ్డులో పెట్టె దించింది. అటూ ఇటూ చూసి ఏడో నంబరు సీసా మూత తీసింది. జేబురుమాల్లో మూటకట్టి తెచ్చిన ఉప్పు చిటికెడు అందులో వేసింది. పందొమ్మిదేళ్ళలో సీసా అంచుకు వేలు తగలనివ్వని మనిషి. మూత ఎప్పటికంటే గట్టిగా బిగించింది. రేపు కాగితం మీద మళ్ళీ అవే అంకెలు వస్తే దొంగ దొరికినట్టే, నాది తప్పెలా అవుతుందని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మర్నాడు పది దాటాక కబురొచ్చింది. పరీక్షగదికి రమ్మన్నారు.

కెమిస్టు బల్ల వెనక నిలబడి ఉంది. ఏడో నంబరు సీసా మధ్యలో పెట్టి ఉంది.

"అమ్మా, ఇందులో ఉప్పు ఎందుకు కలిపారు?"

సీసాలమ్మ సీసా మీది చీటీ వైపు చూసింది.

"మిగతావన్నీ ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. ఒక్క ఉప్పు మాత్రం ఇరవై రెట్లు పెరిగింది. కుళాయిలోంచి అలా రాదు. వంటింటి డబ్బాలోంచే వస్తుంది" అంది కెమిస్టు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సీసాలమ్మకు కాస్త తేలిగ్గా ఉండేది.

"మీరు పరీక్ష చెయ్యకుండానే రాస్తున్నారని..." అని సగంలో ఆగింది.

"అనుకున్నాను. కూర్చోండి." కెమిస్టు తనూ కూర్చుంది. "మీరు నన్నెప్పటినుంచి అనుమానిస్తున్నారో నాకు తెలీదు. నేను మాత్రం రెండు నెలలుగా మిమ్మల్ని అనుమానిస్తున్నాను."

"నన్నా!"

"ఏడో నంబరు నీళ్ళు ట్యాంకు నీళ్ళలాగే ఉంటాయి. ఊళ్ళో అన్నిటికంటే పాత వీధి, అన్నిటికంటే పాత పైపులు. ఆ చివరికి వెళ్ళేసరికి నీళ్ళు ఎంతో కొంత మారాలి. మారవు. మీరు ఆ వీధికి అసలు వెళ్ళకుండా ట్యాంకు దగ్గరే అన్ని సీసాలూ నింపేస్తున్నారేమో అనుకున్నాను."

సీసాలమ్మకు తల తీసేసినట్టయింది. కోపం ముంచుకొచ్చింది గానీ, ఉప్పు సీసా ఎదురుగా పెట్టుకుని కోప్పడడానికి నోరు రాలేదు. క్యాన్లాయన సంగతి అడిగేసింది. తన ప్లాంటు నీళ్ళు పరీక్ష చేసిపెట్టమని వచ్చాడట. ఇక్కడ బయటివాళ్ళవి చెయ్యరని పంపేశానంది కెమిస్టు.

"అయితే రండి మేడమ్. నాతోపాటే రండి. నేనెక్కడ పడతానో, ఎలా పడతానో మీ కళ్ళతో చూడండి" అంది సీసాలమ్మ.

"వస్తాను" అంది కెమిస్టు. ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని స్కూటరు వెనక ఎక్కింది. ఒకరినొకరు నమ్మని ఇద్దరు మనుషులు ఒకే సీటు మీద పాత వీధికి వెళ్ళారు.

చెల్లెలి వంటింట్లో సీసాలమ్మ పరీక్ష రాసే పిల్లలా జాగ్రత్తగా అన్నీ చేసింది. కుళాయి తిప్పింది. వాచీ చూసుకుంది. నీళ్ళు బకెట్లో నిండి పొర్లుతుంటే ఇంకో బకెట్ పెట్టింది. కెమిస్టు గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. మూడో నిమిషం దాటాక ఆమె మొహంలో ఏదో మారింది.

"ఎంతసేపు వదులుతారమ్మా?"

"రూలుకి మూడు నిమిషాలు. ఇక్కడ ఐదు."

కెమిస్టు చెల్లెలి వైపు తిరిగింది. "మీరు తాగడానికి నీళ్ళు ఎప్పుడు పట్టుకుంటారు?"

"తెల్లారి లేవగానే. మొహం కడుక్కోకముందే కూజా నింపేస్తాను. రోజంతా అవే."

"పట్టేముందు కాసేపు వదిలేస్తారా?"

"మంచినీళ్ళు మోరీలో పోస్తామా?" అంది చెల్లెలు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

కెమిస్టు వంగి, గోడలోంచి వచ్చే పైపును చూసింది. ఏళ్ళతరబడి వేసిన రంగు పొరలు పొరలుగా ఉంది. కత్తి అడిగి తీసుకుని ఒకచోట గీకింది. రంగు లేచింది. దాని కింద బూడిదరంగు లోహం. ఇంకాస్త గీకితే కత్తికి మెత్తగా లొంగి, తళుక్కుమని వెండిలా మెరిసింది.

"సీసం" అంది కెమిస్టు.

"ఇదిగో" అంటూ సీసాలమ్మ సీసా అందించబోయింది.

"సీసా కాదమ్మా. సీసం. పైపు సీసంతో చేసింది."

అప్పుడు కెమిస్టు చెప్పిన మాటలు ఆమెకు ఒక్కొక్కటిగా బుర్రకెక్కాయి. రాత్రంతా కదలకుండా నిలబడ్డ నీళ్ళలోకి పైపులోని సీసం కొద్దికొద్దిగా దిగుతుంది. తెల్లారి మొదట వచ్చే నీళ్ళలో అది ఉంటుంది. ఐదు నిమిషాలు వదిలేస్తే అది కొట్టుకుపోయి ట్యాంకు నీళ్ళు వస్తాయి. క్రిములను పట్టుకోవడానికి రూలు సరైనదే, కానీ సీసాన్ని పట్టుకోవడానికి అదే రూలు అడ్డం. ఈ ఆఫీసులో లోహాల పరీక్ష లేదు. ఏడాదికోసారి జిల్లా ల్యాబుకు పంపుతారు. అదీ సీసాలమ్మ ఇలా నీళ్ళు వదిలేసి పట్టిన సీసానే. రంగు, రుచి, వాసన ఏమీ ఉండవు కాబట్టి తాగేవాళ్ళకు తెలియదు. పిల్లల ఒంట్లో మాత్రం అది తొందరగా పని చేస్తుంది.

"ఈ పైపులు నా చిన్నప్పటివి. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకొచ్చింది?" అని సీసాలమ్మ అడిగింది. అనుమానం అలవాటు కాబట్టి అడిగింది గానీ, మంచి ప్రశ్నే అడిగింది.

"ఎండాకాలంలో ఏటి నీళ్ళు మానేసి కొండ వెనక కొత్త చెరువు నీళ్ళు ఇస్తున్నారు కదా. అవి కొంచెం పులుపు గుణమున్న నీళ్ళు. పైపులో పేరుకున్న పొరను తినేస్తాయి. ఆ పులుపు తగ్గడానికి సున్నం కలపాలి. కలపమని నేను ప్రతి రిపోర్టు కిందా రాస్తూనే ఉన్నాను."

ఫైలులో ఆఖరి గడి దాకా చూసిందే తప్ప దాని కింది వరుస చదవలేదని సీసాలమ్మకు అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు తెల్లవారుతుండగా, ఇంట్లో ఎవరూ కుళాయి ముట్టుకోకముందే, ఆమె చెల్లెలి వంటింట్లో నిలబడింది. జన్మలో మొదటిసారి నీళ్ళు వదలకుండా సీసా పెట్టింది. వచ్చిన నీళ్ళు తేటగా, చల్లగా, ఎప్పటిలాగే ఉన్నాయి. ఐదు నిమిషాల తరవాత ఇంకో సీసా పట్టింది. రెండిటినీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. ఏ తేడా కనిపించలేదు.

జిల్లా ల్యాబు నుంచి కాగితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. రెండో సీసా నీళ్ళు మంచివి. మొదటి సీసాలో సీసం ఉండదగినదానికి పద్నాలుగు రెట్లుంది.

నీళ్ళ ఆఫీసు ఇంజనీరు సీసాలమ్మనీ కెమిస్టునీ గదిలోకి పిలిచాడు. తెల్ల చొక్కా, చల్లని మాట. కాగితాన్ని వేలితో అటూ ఇటూ జరిపాడు.

"ఈ మొదటి సీసా రూలు ప్రకారం పట్టింది కాదు. అవునా?"

"కాదు సార్" అంది సీసాలమ్మ.

"రూలులో నీళ్ళు వదిలాకే పట్టాలని ఉంది. ఉందా, లేదా?"

"ఉంది సార్."

"మరైతే ఈ రిపోర్టు చెల్లదు. పొరపాటున రూలు తప్పి పట్టానని ఇక్కడొక సంతకం పెట్టండి. మళ్ళీ పడదాం, పద్ధతిగా. ఈలోగా ఊళ్ళో గాభరా పుట్టించకండి."

ముందే టైపు చేయించిన కాగితం, మూత తీసిన పెన్నుతో సహా ఆమె ముందుకు జరిగింది. సీసాలమ్మ ఆ కాగితాన్ని పాలపాకెట్టు చూసినట్టు చూసింది. సంతకం కోసం ఇంత సిద్ధంగా ఉన్న మనిషికి సంగతి ముందే తెలుసా?

"నేను రూలు ప్రకారమే పట్టేదాన్ని సార్. తాగేవాళ్ళు రూలు ప్రకారం తాగడం లేదు" అంది. పెన్ను మూత పెట్టి బల్లమీద ఉంచి లేచింది.

ఆఫీసు బయటికొచ్చింది. రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుంది. మెట్ల మీద కాసేపు కూర్చుంది. తరవాత స్కూటరెక్కి నేరుగా పాత వీధికి పోయింది. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి తలుపు తలుపూ తట్టింది. "పొద్దున్నే మొదట వచ్చే నీళ్ళు తాగకండి. ఐదు నిమిషాలు వదిలేసి, ఆ తరవాత పట్టుకోండి. వదిలిన నీళ్ళతో ఇల్లు కడుక్కోండి. పైపులో సీసం ఉంది."

పందొమ్మిదేళ్ళు ఊరిని అనుమానించిన మనిషిని ఆ మధ్యాహ్నం ఊరు అనుమానించింది.

"నిన్నటిదాకా మంచివన్నావు, ఇవాళ చెడ్డవంటున్నావు. ఏది నమ్మమంటావు?" అంది ఒకావిడ తలుపు సగం మూసి.

"క్యాన్లాయన నిన్నెప్పుడు పెట్టుకున్నాడు పనిలో?" అన్నాడు ఎదురింటి పెద్దాయన, తిమ్మిరెక్కిన వేళ్ళు నలుపుకుంటూ.

ఇంకొకాయన ఆమె మెడలోని ఆఫీసు కార్డు తిప్పి చూసి, "ఇది నీదేనా?" అని అడిగాడు. ఆమె వాదించలేదు. "మీ వంటింట్లో కత్తి తెచ్చి, మీ పైపు మీరే గీకి చూసుకోండి" అంది. పెద్దాయన గొణుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. బయటికొచ్చి కత్తి అందరికీ చూపించాడు. కత్తి కొనన చిన్న వెండిపొట్టు అంటుకుని ఉంది. అది చూశాక పక్కింటివాళ్ళు గీకారు. తరవాత వాళ్ళ పక్కింటివాళ్ళు. చీకటి పడకముందే వీధంతా పైపులు గీకే చప్పుడే.

చెల్లెలి గుమ్మం చివరికి మిగిలింది. చెల్లెలు మిషను ఆపి ఆమె చెప్పిందంతా విన్నది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అక్కా, ఎండాకాలం నుంచీ నువ్వు వారం వారం ఈ కుళాయి దగ్గరే నిలబడ్డావు. చెడ్డ నీళ్ళు మోరీలోకి వదిలేసి, మంచి నీళ్ళు నువ్వు పట్టుకుపోయావు. ఆ చెడ్డవే నేను దీనికి పట్టాను" అంది.

అందులో తిట్టు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. చెల్లెలు మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు లేవు.

నాలుగో రోజు నీళ్ళు శుద్ధిచేసే గది వాకిట్లో సీసాలమ్మకు తెల్లటి పొడి కనిపించింది. వేలితో తీసి నలిపి చూసింది. సున్నం. లోపల పంపు చూసుకునే అతన్ని అడిగింది.

"ఎప్పటినుంచి కలుపుతున్నారు?"

అతను అటూ ఇటూ చూశాడు. "మొన్నటినుంచి. బస్తాలు గోడౌన్లో ఎండాకాలం నుంచీ ఉన్నాయి. యంత్రం పాడైందని వదిలేశాం. మొన్న పొద్దున్నే సారొచ్చి చేత్తోనైనా కలపమన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

రిపోర్టు చెల్లదని అన్నవాడు ఆ మర్నాడే సున్నం ఎందుకు కలిపించాడు? ఆమె నేరుగా కెమిస్టు దగ్గరికి వెళ్ళింది. కెమిస్టు రిజిస్టరు తెరిచి, ఆనాటి పరీక్షలో నీళ్ళ పులుపు తగ్గిన సంగతీ, తారీకూ, సున్నం మొదలైన రోజూ రాసి, కింద సంతకం చేసింది. ఆ పుస్తకాన్ని సీసాలమ్మ వైపు తిప్పింది. ఈసారి ఆమె కూడా సంతకం పెట్టింది.

ఆ తరవాత జరిగినవి నెమ్మదిగా జరిగాయి. వీధివాళ్ళు రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని జిల్లా ఆఫీసుకు వెళ్ళారు. పద్నాలుగు మందికి ఒంట్లో సీసం ఎక్కువగా ఉంది, అందులో ఆరుగురు పిల్లలు. విచారణకు వచ్చిన అధికారులు అన్నిటికంటే ఎక్కువసేపు చదివింది ఆ రిజిస్టరు పేజీనే. ఇంజనీరును పంపేశారు. శిక్ష వేశారో, వేరే ఊరికి మార్చి ఊరుకున్నారో ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఎనిమిది నెలలు పట్టినా పాత వీధి పైపులన్నీ పెకలించి కొత్తవి వేశారు. నీళ్ళు పట్టే రూలు కూడా మారింది. ఇప్పుడు ప్రతి కుళాయికీ రెండు సీసాలు, ఒకటి వదలకముందు, ఒకటి వదిలాక. సీసాలమ్మ పెట్టె బరువు రెట్టింపయింది. రూలు తప్పి నీళ్ళు పట్టినందుకు ఆమెకు ఒక మెమో వచ్చింది. అది ఇప్పటిదాకా ఎవరూ రద్దు చేయలేదు, ఆమె చేయమని అడగనూ లేదు.

కొత్త పైపులు వేస్తున్నప్పుడు ఆమె వెళ్ళి, కూలీలు గోడలోంచి లాగిన పాత ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది. మూరెడు ముక్క ఇటుకంత బరువుంది. లోపలికి చూసింది. ఏమీ కనిపించలేదు. గుట్టలో పడేసి చేతులు రెండుసార్లు కడుక్కుంది.

చెల్లెలు మాటలు ఆగిన అయిదో నెలలో ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో సంచీ, మొహంలో నిద్రలేమి.

"ఎల్లుండి దానికి మళ్ళీ రక్తపరీక్ష. ఆ కాగితం మీద అంకెలు నాకు అర్థం కావు. వస్తావా?"

"వస్తాను" అంది సీసాలమ్మ.

ముగ్గురూ పెద్దాసుపత్రికి వెళ్ళారు. సూది గుచ్చే ముందు ఆమె నర్సును ఆపి, ఆ గొట్టం కొత్తదేనా, దాని మీద పేరు ఎవరు రాస్తారు, ఎన్ని గంటల్లో పరీక్ష చేస్తారు అని అడిగింది. నర్సు విసుక్కుంది గానీ చెప్పింది. సాయంత్రం డాక్టరు కాగితం చూసి, సీసం సగానికి పైగా తగ్గిందన్నాడు.

"చదువు?" అంది చెల్లెలు.

"కొందరు పిల్లలు మామూలుగానే కోలుకుంటారు. కొందరికి ఇంకా టైము పడుతుంది. ఇప్పుడే చెప్పలేనమ్మా" అన్నాడాయన.

వెనక్కి వచ్చే బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుని బయటి బోర్డులు చదవబోయింది. కొన్ని బోర్డులు చదవడం అయ్యేలోపే వెనక్కి పోయాయి, కొన్ని దొరికాయి. అక్కచెల్లెళ్ళు మధ్యలో సంచీ పెట్టుకుని కూర్చున్నారు. పాత వీధి మొదట్లో బస్సు ఆగింది. సీసాలమ్మ ఇల్లు ఇంకా రెండు స్టాపులు అవతల.

చెల్లెలు మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది. "దిగక్కా. టీ తాగి వెళుదువుగాని" అంది.

సీసాలమ్మ దిగింది.